కుక్క పళ్లు ఇంట్లోనే తోమడం ఎలా: పెదవి ఎత్తడం నుంచి రోజూ బ్రష్ దాకా

"మా కుక్క నోరు కంపు కొడుతోంది, ఏ పేస్ట్ మంచిది?" అని అడిగేవాళ్లే ఎక్కువ. పేస్ట్ సంగతి తర్వాత చూద్దాం. దాని నోట్లో ఏముందో చూడకుండా, నోటి మీద చెయ్యి వేయనిస్తుందో లేదో తెలియకుండా పేస్ట్ కొంటే అది అల్మారాలోనే ఉండిపోతుంది. నేరుగా బ్రష్ పట్టుకుని వెళ్లినవాళ్లలో చాలామంది రెండో రోజుకే మానేస్తారు. కుక్క మొండిది కావడం వల్ల కాదు, పని తప్పు వరసలో మొదలుపెట్టడం వల్ల. అందుకే బ్రష్ ఇక్కడ చాలా ఆలస్యంగా వస్తుంది.

ఇది ముఖ్యంగా కుక్కల కోసం. పిల్లుల గురించి చివర్లో కొంచెం చెప్పాను.

## 1. ముందు నోరు చూడండి

వాకింగ్ అయ్యాక కాస్త అలిసి పడుకున్నప్పుడు, కిటికీ వెలుతురులో చూడండి. చాలదనిపిస్తే ఫోన్ టార్చ్ పక్క నుంచి వేయండి, కళ్లలోకి కొట్టకుండా.

దవడలు తెరవక్కర్లేదు. అందరూ ముందు నోరు తెరిపించబోతారు, అది కాస్తా మొరాయిస్తుంది. నోరు మూసే ఉంచి పై పెదవిని పక్క నుంచి బొటనవేలితో పైకెత్తి, నోటి మూలని చెవి వైపు కాస్త లాగండి. కంటికి దాదాపు సూటిగా కింద పై దవడలో ఒక పెద్ద పన్ను కనిపిస్తుంది, అన్నిటికంటే వెడల్పుగా, మొనదేలి. మీరు చూడాల్సింది దాన్నే. లాలాజలం బుగ్గ లోపల సరిగ్గా దాని పక్కనే ఊరుతుంది కాబట్టి గార (పాచి గట్టిపడి కట్టే పెచ్చు) ముందు అక్కడే పడుతుంది. ముందు పళ్లు తెల్లగా మెరుస్తుంటే "మా వాడి పళ్లు భేష్" అనుకుంటాం, వెనక ఆ పన్నుకి గోధుమరంగు పెచ్చు కట్టి ఉంటుంది.

పెద్ద కుక్కకి మొత్తం 42 పళ్లు. అన్నీ లెక్కపెట్టనక్కర్లేదు గానీ రెండు పక్కలా చూడండి. ఒక పక్క బాగుండి రెండో పక్క పాడైన కుక్కలు బోలెడు.

చిగురు లేత గులాబీ రంగులో, తడిగా ఉండాలి. కొన్ని కుక్కలకి, ముఖ్యంగా మన నాటు కుక్కలకి, పుట్టుకతోనే చిగుళ్ల మీద నల్ల మచ్చలుంటాయి. వాటితో టెన్షన్ అక్కర్లేదు. పన్ను మొదట్లో చిగురు అంచున సన్నటి ఎర్ర గీత కనిపిస్తే మాత్రం వాపు మొదలైనట్టే. తోముతుంటే తగ్గేది ఆ దశలోనే.

కింది వాటిలో ఒక్కటున్నా తోమొద్దు, ముందు డాక్టర్‌కి చూపించండి:

- పన్ను మీద మందంగా పసుపు, గోధుమరంగు గార
- చిగుళ్ల నుంచి చీము, లేదా ముట్టుకోగానే రక్తం
- కదిలే పన్ను, విరిగిన పన్ను. విరిగినచోట మధ్యలో ఎర్రటి లేదా నల్లటి చుక్క
- కంటి కింద వాపు (పురుగు కుట్టిందనుకుంటారు, చాలాసార్లు అది ఆ పెద్ద పన్ను వేరులో చీము)
- ఒక పక్కనే నమలడం, తిండి నోట్లోంచి జారవిడవడం
- ముక్కులో ఒక రంధ్రం నుంచే చీమిడి, మాటిమాటికీ తుమ్ములు
- నోట్లో ఎక్కడైనా గడ్డ

"శుభ్రంగా తింటోంది కదా, నొప్పి ఉంటే తినదుగా" అనే మాట నమ్మకండి. పన్ను నొప్పితోనే గిన్నె ఖాళీ చేసే కుక్కలు చాలా ఉంటాయి. నొప్పి ఉన్న నోట్లో బ్రష్ పెడితే దానికి ఆ బ్రష్ అంటేనే భయం పట్టుకుంటుంది, తర్వాత ఆ భయం పోగొట్టడం పెద్ద పని.

ఇంకో ముఖ్యమైన సంగతి. కుక్క ఉన్నట్టుండి చొంగ కారుస్తూ, దవడ వేలాడేసి, నీళ్లు కూడా మింగలేకపోతుంటే, అరుపు మారిపోయి తేడాగా ప్రవర్తిస్తుంటే, గొంతులో ఎముక ఇరుక్కుందేమో చూద్దామని చెయ్యి పెట్టకండి. అది రేబిస్ కావచ్చు. ఒక గదిలో ఉంచి డాక్టర్‌కి ఫోన్ చేయండి. కరిచినా, చర్మం మీద గాయానికి చొంగ తగిలినా 15 నిమిషాలు ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. రేబిస్ టీకా వేళకి వేయించని కుక్కకి ముందు ఆ పని పూర్తి చేశాకే ఈ తోముడు మొదలుపెట్టండి.

## 2. కావాల్సిన సామాను

బ్రష్: మెత్తటి కుచ్చు, చిన్న తల ఉండాలి. పామెరేనియన్, షిట్జు, పగ్ లాంటి వాటికి చంటిపిల్లల బ్రష్ చాలు. ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లకి పెద్దవాళ్ల సాఫ్ట్ బ్రష్ సరిపోతుంది. వేలికి తొడుక్కునే రబ్బరు బ్రష్ అలవాటు చేసే రోజుల్లో పనికొస్తుంది, కానీ చిగురు అంచుదాకా అంత బాగా చేరదు, పైగా మీ వేలు పళ్ల మధ్య ఉంటుంది.

పేస్ట్: కుక్కల కోసం చేసిందే వాడాలి. మన పేస్ట్ ఉమ్మేయడానికి చేసింది, కుక్క మింగేస్తుంది. అందులోని ఫ్లోరైడ్, నురగ దాని కడుపుకి పడవు. కొన్ని పేస్టుల్లో తీపికోసం జైలిటాల్ కలుపుతారు, అది కుక్కకి విషం. ఒంట్లో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. మౌత్‌వాష్, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ కూడా దానికి అందకుండా పెట్టండి.

పెట్ షాప్ దగ్గర్లో లేదా? బ్రష్‌ని మంచినీళ్లలో ముంచి తోమండి. పాచి వదిలించేది ప్రధానంగా కుచ్చు రాపిడే. చికెన్ రుచి పేస్ట్ వల్ల పెద్ద లాభం ఏమిటంటే కుక్క ఇష్టంగా దగ్గరికొస్తుంది.

వాడకూడనివి:

- బొగ్గుపొడి, కచ్చిక, ఇసుక లాంటి గరుకు పొడులు: పన్ను పైపొర అరిగిపోతుంది
- ఉప్పు, వంటసోడా: మింగుతుంది కాబట్టి సోడియం ఎక్కువై ఒంటికి చేటు
- నిమ్మరసం: పులుపు పన్నుని తినేస్తుంది
- లవంగ నూనె: నోరు మండుతుంది, పిల్లులకైతే విషమే
- వేపపుల్ల: మనం కుచ్చు చేసి తోముకుంటాం, అది కొరికి పీచు మింగేస్తుంది, చిగుళ్లలో పేళ్లు గుచ్చుకుంటాయి

## 3. వేళ, చోటు, కూర్చునే తీరు

రాత్రి తిండికి ముందు పెట్టుకోండి. తోమగానే గిన్నె వస్తుందని నాలుగు రోజుల్లో దానికి అర్థమైపోతుంది, అంతకు మించిన బహుమానం ఇంకేం కావాలి.

మన ఇళ్లలో టైల్స్, గ్రానైట్ నేల మీద కుక్క కాళ్లు జారతాయి. జారే కుక్కకి అప్పటికే సగం భయం. ఒక పట్టా గానీ, పాత దుప్పటి గానీ వేయండి, రోజూ అదే చోట.

చిన్న కుక్కని ఒళ్లో, దాని వీపు మీ పొట్టకి ఆనేలా కూర్చోబెట్టుకోండి. పెద్ద కుక్క పక్కన మీరు కూర్చోండి, ఎదురుగా కాదు. ఎదురుగా నిలబడి మీదకి వంగితే దానికది బెదిరింపే. ఇంటిల్లిపాదీ కాళ్లు తలా ఒకటి పట్టుకుని తోమే పద్ధతి అస్సలు వద్దు. ఒక్కసారి బలవంతంగా తోమగలరేమో, రెండోసారి మంచం కిందనుంచి బయటికి రాదు.

## 4. నోరు అలవాటు చేయడం (అసలు పనంతా ఇక్కడే)

రోజుకి ఒక నిమిషం చాలు. ఒక్కో మెట్టు మీద మూడు, నాలుగు రోజులు ఉండండి. కొన్ని కుక్కలు వారంలో అన్నీ దాటేస్తాయి, కొన్నిటికి నెల పడుతుంది. తొందర అక్కర్లేదు.

మెట్టు 1: గడ్డం కింద చెయ్యి పెట్టి, మూతిని ఒక క్షణం ముట్టుకుని వదిలేయండి. వెంటనే చిన్న తినుబండారం.

మెట్టు 2: పెదవి ఒక పక్క ఎత్తి దించేయండి. తర్వాత రెండో పక్క.

మెట్టు 3: వేలికి కాస్త పేస్ట్ రాసుకుని నాకనివ్వండి. నాకుతుండగా అదే వేలితో కోరపన్ను మీద, పక్క చిగురు మీద ఒక్కసారి రుద్దండి.

మెట్టు 4: వేలికి తడి గాజ్ గుడ్డ చుట్టి కోరపన్ను నుంచి వెనక పెద్ద పన్ను దాకా నెమ్మదిగా తుడవండి. పెదవి లోపల, పన్ను బయటి వైపే. పళ్ల మధ్యకి వేలు పోనివ్వకండి.

మెట్టు 5: బ్రష్ మీద పేస్ట్ రాసి నాకనివ్వండి. తోమొద్దు. ఆత్రం ఆపుకోవాల్సింది ఇక్కడే.

మెట్టు 6: బ్రష్‌తో ఒక్క కోరపన్నుని మాత్రం నాలుగు గీతలు. మర్నాడు రెండు వైపులా.

పై మెట్టుకి ఎప్పుడు వెళ్లాలో కుక్కే చెబుతుంది. మీరు చెయ్యి చాపినప్పుడు తల వెనక్కి లాక్కోకుండా ఉందంటే వెళ్లొచ్చు. తిండి లేకుండానే పెదాలు నాక్కోవడం, ఆవలింతలు, మొహం తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరచూపు చూడటం, ఇవన్నీ "ఇక చాలు" అనడమే. ఆపి, ముందటి మెట్టుకి దిగండి. గుర్రుమంటే తిట్టకండి, కొట్టకండి. గుర్రుమంటే దెబ్బలు పడతాయని నేర్చుకున్న కుక్క ఈసారి చెప్పకుండానే కరుస్తుంది.

అది లేచి వెళ్లిపోకముందే మీరే ముగించాలి. ఇంకో పది సెకన్లు దొరుకుతాయని లాగితే మర్నాటికి రెండు మెట్లు కిందికి పడతారు.

కుక్కపిల్లలైతే: ఇంటికి తెచ్చిన వారం నుంచే మెట్టు 1, 2 మొదలుపెట్టండి, ఆటలా తీసుకుంటాయి. 4 నుంచి 6 నెలల మధ్య పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి, చిగుళ్లు నొప్పిగా ఉంటాయి. ఆ రోజుల్లో బ్రష్ వద్దు, వేలితో మెల్లగా ముట్టుకోవడం చాలు.

6, 7 నెలలు వచ్చేసరికి ఒకసారి కోరపళ్లు చూడండి. పామెరేనియన్, షిట్జు, డాష్‌హండ్ లాంటి చిన్న జాతుల్లో పాల కోరపన్ను ఊడకుండానే పక్కన కొత్తది వచ్చేస్తుంది. రెండు కోరలు ఆనుకుని నిలబడితే మధ్యలో తిండి, వెంట్రుకలు ఇరుక్కుంటాయి, శాశ్వత పన్ను వంకరగా వస్తుంది. తనంతట తానే ఊడుతుందిలే అని కూర్చోకుండా డాక్టర్‌కి చూపించండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ దగ్గర్లో ఉంటే అదే మత్తులో ఇదీ తీసేయమని అడగొచ్చు.

## 5. తోమే వరస

1. పేస్ట్ బఠాణీ గింజంత తీసి కుచ్చు లోపలికి అదమండి. పైన ముద్దలా పెడితే ఒక్క నాకుడుకి మాయం.
2. ఒక చేత్తో గడ్డం పట్టుకోండి, అదే చేతి బొటనవేలితో పెదవి ఎత్తండి. నోరు మూసే ఉండాలి.
3. పై కోరపన్నుతో మొదలుపెట్టండి. కుచ్చుని చిగురు వైపు ఏటవాలుగా, 45 డిగ్రీల్లో ఆనించి చిన్న చిన్న సున్నాలు చుట్టండి. పన్ను, చిగురు కలిసే గీతే లక్ష్యం, పన్ను కొన కాదు.
4. అక్కడి నుంచి వెనక్కి వెళ్లి, నోటి మూలని కాస్త లాగి ఆ పెద్ద పన్ను దగ్గర ఆగండి. ఉన్న సమయంలో సగం దానికే ఇవ్వండి.
5. కింది పళ్లు పైవాటికి లోపలగా ఉంటాయి కాబట్టి నోరు కొద్దిగా సడలినప్పుడు బ్రష్ కిందికి జార్చి తోమండి. మొదటి వారాల్లో ఇది కుదరకపోయినా పర్లేదు.
6. రెండో పక్క కూడా అంతే.
7. ముందు పళ్లు ఆఖర్న. ముక్కు కింద చక్కిలిగిలి ఎక్కువ, ముందే మొదలుపెడితే తుమ్మి లేచిపోతుంది.
8. లోపలి వైపు వదిలేయండి. నాలుక రాపిడితో అక్కడ పాచి తక్కువ పడుతుంది.

పక్కకి 30 సెకన్ల చొప్పున తోమితే చాలు. పుక్కిలించడం, కడగడం ఏమీ అక్కర్లేదు. బ్రష్ కడిగి ఆరబెట్టండి. రెండు కుక్కలుంటే రెండు బ్రష్‌లు. మూడు నెలలకోసారి, కుచ్చు విడిపోతే ఇంకా ముందే, మార్చేయండి.

తొలిరోజుల్లో బ్రష్ మీద సన్నగా రక్తం చార కనిపించొచ్చు. చిగురు వాపు కొద్దిగా ఉంటే అలా అవుతుంది, రోజూ తోముతుంటే తగ్గుతుంది. వారం దాటినా తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి.

రోజూ ఎందుకంటే, పన్ను మీద పడిన పాచి రెండు మూడు రోజుల్లోనే లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గారగా మారడం మొదలవుతుంది. గార అయ్యాక ఏ బ్రష్‌కీ రాదు. ఆదివారం ఆదివారం తోమే పద్ధతి అందుకే దండగ. రోజూ కుదరకపోతే రోజు విడిచి రోజు, అంతకన్నా తగ్గకూడదు.

## 6. ఎక్కడ తేడా వస్తుంది, ఎలా సరిచేయాలి

బ్రష్ కొరికేస్తుంది. మీరు బ్రష్‌ని ముందు నుంచి లోపలికి తోస్తున్నారన్నమాట. నోటి పక్క నుంచి పెదవి సందులోకి పెట్టండి, పళ్ల మధ్యకి వెళ్లకపోతే కొరకడానికేమీ ఉండదు.

పేస్ట్ చూస్తేనే పారిపోతుంది. పుదీనా ఘాటు కుక్కలకి పడదు. రుచి మార్చి చూడండి, లేకపోతే ఉప్పూ మసాలా వెయ్యని, ఉల్లి వెల్లుల్లి తగలని చికెన్ ఉడికించిన నీళ్లలో బ్రష్ ముంచండి.

ఒక పక్క తోమనిస్తుంది, రెండో పక్క ఒప్పుకోదు. మీ చేతివాటం వల్ల కావచ్చు, మీరు అటు మారి కూర్చోండి. అయినా అంతే అయితే ఆ పక్క నొప్పి ఉన్నట్టు, చూపించాల్సిందే.

గారని గోటితోనో, ఆన్‌లైన్‌లో కొన్న ఇనప స్క్రాపర్‌తోనో గీకడం. పెచ్చు ఊడొస్తుంటే భలే తృప్తిగా ఉంటుంది, నిజమే. కానీ పన్ను మీద గీతలు పడతాయి, ఆ గరుకులో పాచి ఇంకా త్వరగా పడుతుంది. అసలు జబ్బు చిగురు కింద ఉంటుంది, అక్కడికి మీ స్క్రాపర్ పోదు, పోకూడదు కూడా. కుక్క విదిలిస్తే చిగురు చీరుకుపోతుంది.

నొప్పి తగ్గుతుందని మన మాత్ర వేయడం. ఐబుప్రోఫెన్ కుక్కకి కడుపులో పుండ్లు చేసి కిడ్నీలని దెబ్బతీస్తుంది. పారాసెటమాల్ పిల్లిని చంపేయగలదు. డాక్టర్ చెప్పకుండా ఏ మాత్రా వద్దు.

ఊరెళ్లి వచ్చాక తోమనివ్వడం లేదు. మెట్టు 3 నుంచి మళ్లీ మొదలుపెట్టండి, ఈసారి తొందరగా ఎక్కేస్తుంది. ఇంట్లో ఇంకొకరికి కూడా ముందే నేర్పి ఉంచితే ఈ గోలే ఉండదు.

## 7. ఎముకలు, కర్రలు, డెంటల్ స్టిక్కులు

బిర్యానీ తిన్నాక మిగిలిన ఎముకలు వేస్తే పళ్లు శుభ్రపడతాయనేది మన ఇళ్లలో బాగా పాతుకున్న మాట. ఉడికిన ఎముక సూదుల్లా విరుగుతుంది, గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. గట్టి ఎముక, జింక కొమ్ము, గిట్టలు కొరికితే సరిగ్గా ఆ పెద్ద పన్నే పెచ్చుగా చీలిపోతుంది. నమిలే వస్తువు ఏది కొన్నా బొటనవేలి గోరుతో గుచ్చి చూడండి, కాస్తయినా నొక్కు పడాలి. పడకపోతే ఇవ్వకండి. రోజంతా టెన్నిస్ బంతి కొరికే కుక్కలకి దాని గరుకుకీ మట్టికీ కోరపళ్లు అరిగిపోతాయి.

డెంటల్ స్టిక్కులు (పళ్ల కోసమని అమ్మే, కుక్క నమిలి తినే పుల్లలు) కొంత సాయం చేస్తాయి, బ్రష్‌కి బదులు కాదు. కొనేటప్పుడు విఓహెచ్‌సి ముద్ర ఉందేమో చూడండి. పెట్ పళ్ల ఉత్పత్తులని పరీక్షల ఫలితాలు చూసి ఆమోదించే వెటర్నరీ ఓరల్ హెల్త్ కౌన్సిల్ ముద్ర అది. కుక్క బరువుకి తగ్గ సైజు తీసుకోండి, ఆ మేరకి రాత్రి తిండి తగ్గించండి. కుక్క బిస్కెట్లు పళ్లు శుభ్రం చేస్తాయని మాత్రం అనుకోకండి.

## 8. పిల్లులకి

మెట్లు ఇవే, అయితే సగం వేగంతో. 30 పళ్లు, నోరు చిన్నది, ఓపిక ఇంకా చిన్నది. బ్రష్ ఒప్పుకోకపోతే చెవులు తుడుచుకునే పుల్లల్లాంటి దూది పుల్లతో బయటి వైపు తుడిచినా మేలే, కొరికి దూది మింగకుండా చూసుకోవాలి. పిల్లుల్లో చిగురు దగ్గర పన్ను దానంతటదే కరిగిపోయే జబ్బు తరచుగా వస్తుంది, విపరీతమైన నొప్పి. తిండి దగ్గరికొచ్చి వాసన చూసి వెనక్కి పోయే పిల్లిని అదే రోజు చూపించండి. పిల్లి రెండు రోజులు తినకపోతే కాలేయానికే ముప్పు.

## 9. డాక్టర్ దగ్గర క్లీనింగ్ అవసరమైతే

గార పట్టాక మత్తిచ్చి తీయించడమే దారి. మత్తు లేకుండా, కుక్కని పట్టుకుని పైపైన గీకి తెల్లగా చేసి పంపేవాళ్లు కొందరున్నారు, గ్రూమింగ్ సెంటర్లలో కూడా. చూడ్డానికి బాగుంటుంది, చిగురు కింద మురికి మాత్రం అలాగే ఉంటుంది. నా మాట వింటే ఆ డబ్బు దాచి సరైన క్లీనింగ్‌కి పెట్టండి.

ముందే అడగాల్సినవి:

- మత్తుకి ముందు రక్తపరీక్ష చేస్తారా? (వయసు మళ్లిన కుక్కకి గుండె కూడా చూడాలి)
- గాలి గొట్టం వేస్తారా? నీళ్లు, గార ముక్కలు ఊపిరితిత్తుల్లోకి పోకుండా కాపాడేది అదే
- చిగురు కింద కూడా శుభ్రం చేసి, ఆఖర్న పాలిష్ చేస్తారా? పాలిష్ లేకపోతే గరుకు మిగిలి గార మళ్లీ త్వరగా వస్తుంది
- పన్ను ఎక్స్‌రే ఉందా?
- పన్ను తీయాల్సి వస్తే నాకు ముందు ఫోన్ చేస్తారా, దానికి ఖర్చు వేరేనా?
- ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉంచాలి? (వయసుని, ఆరోగ్యాన్ని బట్టి మారుతుంది)

పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులైతే మత్తు పూర్తిగా దిగేదాకా మనిషి దగ్గరుండి చూస్తారో లేదో కూడా అడగండి, వాటికి ఊపిరి ఇబ్బంది ఎక్కువ.

మీ ఊళ్లో ఈ సౌకర్యాలు లేకపోతే వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులున్నాయి: హైదరాబాద్‌లో రాజేంద్రనగర్, ఆంధ్రలో తిరుపతి, గన్నవరం. వెళ్లేముందు ఫోన్ చేసి పళ్ల పని ఏ రోజు చూస్తారో కనుక్కోండి.

ఇంటికొచ్చాక ఆ పూట మెత్తటి తిండి కొంచెం కొంచెంగా పెట్టండి. పన్ను ఏదీ తీయకపోతే ఒకట్రెండు రోజుల్లో బ్రష్ మొదలుపెట్టొచ్చు. పాచి కొత్తగా పడటం ఆ రోజు నుంచే మొదలవుతుంది కాబట్టి వాయిదా వేయొద్దు. పన్ను తీసి కుట్లు వేస్తే మాత్రం డాక్టర్ సరేననేదాకా ఆ పక్కకి బ్రష్ పోనివ్వకండి, నమిలే బొమ్మలు, స్టిక్కులు దాచేయండి, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు మెట్టు 1 నుంచే వెళ్లండి.